మంత్రగత్తెల మేడంగారు

మొన్న శనివారం కాజిల్‌బార్ లైబ్రరీ గాజుతలుపు మీద నుంచి మేడంగారు నన్ను చూసి నవ్వారు. కాగితం మీద అచ్చేసిన నవ్వే. అయినా నా చేతిలోని పుస్తకాల సంచీ జారి కాలి మీద పడింది. ముక్కు చివరికి దిగిన కళ్ళజోడు, ఒక పక్కకే వెళ్ళి ఆగిపోయే ఆ నవ్వు, ఏమీ మారలేదు. బొమ్మ కింద ఆవిడ పేరు, పేరుకు ముందు డాక్టర్. ఆ మధ్యాహ్నం మూడింటికి ప్రసంగమట. విషయం, నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకాల్లో మంత్రగత్తెలు.

"మామ్, దట్స్ హర్. అవర్ బాక్స్‌రూమ్ ఆంటీ," అంది మా అమ్మాయి. దానికి తెలుగు అర్థమవుతుంది. నోరు తెరిస్తే మాత్రం మేయో కౌంటీ ఐరిష్ యాస ఇంగ్లీషే.

"ఆవిడే."

"ఆర్ యూ గ్రాండ్?"

ఈ దేశంలో కాలు విరిగినవాణ్ణి బాగున్నావా అని అడిగినా గ్రాండ్ అనే చెప్తాడు. నేనూ అదే చెప్పాను.

మూడు కావడానికి ఇంకా రెండు గంటలుంది. ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూర్చున్నాం. అమ్మాయి ఫోన్లో పడింది. నేను మేడంగారిలో పడ్డాను.

మేము అప్పుడు క్లోనీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. కంప్యూటర్లు తప్ప మనుషులు కనపడని పెద్ద పెద్ద భవనాలకు దగ్గర్లో మా ఎస్టేట్. ఎస్టేట్ అంటే జమీందారీ అనుకునేరు. ఒకే అచ్చులో పోసిన ఇళ్ళ వరసలు, అంతే. మా ఆయన హోటల్లో వంటమాస్టరు. ఆయన పోయాక ఎస్టేట్‌లోని తెలుగు ఇళ్ళకు నేను వండి పంపేదాన్ని. వాళ్ళంతా సాఫ్ట్‌వేర్. వాళ్ళకు వండుకునే తీరిక లేదు, నాకు వంట తప్ప వేరే విద్య లేదు. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలని సంగతి.

ఇంట్లో బాక్స్‌రూమ్ అనే ఒక చిన్న గది ఖాళీగా ఉంటే అద్దెకిస్తానని చెప్పాను. ఎవరో ఎమ్మెస్ చదివే పిల్ల వస్తుందనుకున్నాను. యాభై మూడేళ్ళ మేడంగారు వచ్చారు. బట్టల పెట్టె ఒకటి, పుస్తకాల పెట్టెలు మూడు. విజయనగరం వైపు డిగ్రీ కాలేజీలో పాతికేళ్ళు ఇంగ్లీషు చెప్పి, ఉద్యోగం మానేసి, పీహెచ్‌డీ చేయడానికి వచ్చారట. పెళ్ళి సంగతి అడిగాను. "అది నా సిలబస్‌లో లేదమ్మా," అన్నారు. ఆ మాటకే గది ఇచ్చేశాను.

చీర మీద కోటు, కోటు మీద శాలువా, చెప్పుల్లో ఉన్ని మేజోళ్ళు. బస్టాపులో నిలబడితే మూడు కాలాలూ ఒకేసారి వచ్చినట్టుండేది. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. ఆ పెన్సిల్ కోసం ఇల్లంతా వెతికేవారు. నేను చెప్పేదాన్ని కాదు. వెతుకుతూ ఆవిడ చేసే ప్రయాణం చూడ్డానికి బాగుండేది: మంచం కింద, ఫ్రిజ్ మీద, చివరికి వంటింటి ప్రెస్‌లో పచ్చళ్ళ సీసాల వెనక. అలమరాను ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారని తెలిసిన రోజు ఆవిడ చిన్నపిల్లలా సంబరపడ్డారు. ఆ తలుపు తీసి, దాని ముందే నిలబడి పెరుగన్నం తినడం ఆవిడ అలవాటు. కూర్చుని తినండి మేడంగారూ అంటే, "కూర్చుంటే భోజనం, నిలబడితే ఆలోచన," అనేవారు.

పెద్ద మాట ఏదైనా చెప్పే ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేవారు. ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమ అద్దం. ఆ మూడో తుడుపు తర్వాత మాట వచ్చేది. నేను ఉల్లిపాయ తరగడం ఆపి చూసేదాన్ని.

వంటిల్లే ఆవిడ క్లాసు. నేను వంకాయలు కోస్తుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని నాటకాలు చెప్పేవారు. చెప్పడం కాదు, ఆడేవారు. బియ్యం కడిగే చిల్లుల గిన్నె నెత్తిన పెట్టుకుంటే జడ్జి. గరిటె పట్టుకుంటే మంత్రగత్తె. ఆవు వేషం ఎప్పుడూ నాకే. కథలు దాదాపు ఒకటే. ఊరి చివర ఒక ముసలిది. పక్కింటికి వెళ్ళి గిన్నెడు మజ్జిగ అడుగుతుంది. వాళ్ళు లేదంటారు. ఆమె గొణుక్కుంటూ వెనక్కి పోతుంది. మర్నాడు ఆవు పాలివ్వదు. ఇంకేముంది, ఊరంతా ఆమె గొణుగుడు గుర్తు తెచ్చుకుంటుంది.

"ఆవు పాలు ఇవ్వకపోతే గడ్డి చూడాలి గానీ ముసల్దాని మూతి చూట్టం ఏందండీ?" అన్నాను ఒకసారి.

"ఆగు, మళ్ళీ చెప్పు," అని పెన్సిల్ కోసం వెతికారు. ఆ రోజు జాలిపడి కొప్పు వైపు చూపించాను.

నేను అన్న మాటలు ఆవిడ కూరగాయల చీటీల వెనక రాసుకునేవారు. మర్నాడు నేను కొట్టుకు వెళ్ళి చీటీ తీస్తే ముందు వైపు కొత్తిమీర, వెనక వైపు మంత్రగత్తె. "నువ్వు చదువుకుని ఉంటే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది," అనేవారు. ఆ మాట నేను ఇంట్లో పనులు చేసుకుంటూ మళ్ళీ మళ్ళీ మనసులో అనుకునేదాన్ని. బళ్ళో ఉన్న తొమ్మిదేళ్ళలో ఎవరూ నా గురించి అంత మంచి మాట అనలేదు.

ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగపిల్లలే వేసేవారని ఆవిడ చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మా ఊళ్ళో పద్యనాటకం వేస్తే రాణిగారు తెర వెనక బీడీ కాల్చేవాడు.

మేడంగారు కళ్ళజోడు తుడిచారు. "అదే కదమ్మా. మంత్రగత్తె మాటలు రాసింది మగవాడు, పలికింది మగవాడు, చూసి భయపడింది మగవాడు."

"ఉరేసింది మాత్రం ఆడదాన్నే. ఆ ఒక్క వేషం వాళ్ళు వేయలేదు."

ఆవిడ కూరగాయల చీటీ వెనక్కి తిప్పారు. తర్వాత రాసుకున్నారు.

ఇంకోసారి లెక్క చెప్పారు. ఆ నాటకాల్లో మంత్రగత్తె కావాలంటే మూడుంటే చాలట. మొగుడు ఉండకూడదు, చేతిలో ఏమీ ఉండకూడదు, నోరు ఉండాలి. ఇంట్లో మగవాడి మాట, ఊళ్ళో పెద్దల మాట, పైన రాజు మాట అని ఒక వరస ఉంటుందట. ఆ వరసలో ఎక్కడా పట్టని ఆడది అందరికీ అడ్డమట.

"మూడూ నా దగ్గరున్నాయిగా," అన్నాను. "నేను మంత్రగత్తెనే. చీపురు బదులు ఊడ్చే మిషను, హూవర్ ఉంది. వైరు చాలక ఎగరట్లేదు."

ఆవిడ పెరుగన్నం పొలమారే దాకా నవ్వారు. ఆ తర్వాత అది మా ఇద్దరి మధ్య వేళాకోళమైపోయింది. ఆవిడ బస్సు దిగి వచ్చి, "మంత్రగత్తె ఇంట్లో ఉందా?" అనేవారు. నేను, "ఉంది, పప్పు తాలింపులో ఉంది," అనేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడకు నవ్వు వచ్చేది కాదు. నాటకంలో విచారణ జరుగుతుంటే చుట్టూ నిలబడి ఉంటారు చూడండి, ఆ పొరుగువాళ్ళంటే ఆవిడకు మహా కోపం. ముసలిది నిర్దోషి అని తెలిసిన మనిషి అందులో ఒకరుంటారని, ఆ మనిషికి నాటకం రాసినవాడు ఒక్క మాట కూడా ఇవ్వడని చెప్పేవారు. "నా నాలుగో చాప్టరు వాళ్ళ మీదే," అనేవారు గరిటెతో స్టూలును కొడుతూ. ఆ గరిటె దెబ్బకు నాకు ధైర్యం వచ్చేది. నా తరఫున ఎవరో ఉన్నారనిపించేది.

ఎస్టేట్‌లో అందరికీ ఆవిడంటే గౌరవం. ఆడవాళ్ళ దినోత్సవానికి తెలుగు అసోసియేషన్ వాళ్ళు పిలిచి మూఢనమ్మకాల మీద మాట్లాడించారు. ప్రెసిడెంట్ అంకుల్ శాలువా కప్పారు. నేను వెనక వరసలో సమోసాలు సర్దుతూ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ నెలలోనే మూలింట్లో సీమంతం వచ్చింది. మా రోడ్డు మలుపులో ఉన్న ఇల్లది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. కోడలి పురుడు కోసం అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. వంట నాదే. పులిహోర, పూర్ణాలు, దద్దోజనం తెచ్చి వాళ్ళ వంటింట్లో సర్దుతుంటే పెద్దావిడ వచ్చి నెమ్మదిగా, "గాజులు తొడిగేటప్పుడు నువ్వు ఇటే ఉండమ్మా. ఏమనుకోకు," అంది.

మొగుడు పోయినదాన్ని పేరంటంలోకి రావద్దనడం నాకు కొత్త కాదు. నొప్పి పుట్టినచోట జోకు వేయడం నా అలవాటు. "పర్లేదండీ, గాజులు మీరు తొడగండి. పులిహోర కలిపింది నా చెయ్యేగా. దీవెన నేరుగా కడుపులోకే పోద్ది," అన్నాను.

వంటింట్లో ఉన్న నలుగురూ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు.

ఇక ఆ వారం మేడంగారికి అన్నీ ఎదురు తిరిగాయి. బస్టాపు దగ్గర మంచు మీద జారి మణికట్టు బెణికింది. లాప్‌టాప్ చచ్చిపోయింది. ఆవిడకు గైడుగా ఉన్న ప్రొఫెసరు నాలుగో చాప్టరు తిప్పి పంపాడు. మరుసటి వారంలోనే యూనివర్సిటీలో ఏదో పరీక్ష లాంటి సమావేశం ఉందట. ఆవిడ స్టూలు మీద కూర్చుని పెరుగన్నం కూడా తినకుండా గోడ చూస్తున్నారు.

"దిష్టి తగిలింది మేడంగారూ. అంత పెద్ద మీటింగులో మాట్లాడారాయె. తీసేస్తాను."

"నాకు అలాంటివి లేవని నీకు తెలుసు కదమ్మా."

"నాకు ఉన్నాయిగా. మీరు ఊరికే కూర్చోండి, నమ్మే పని నేను చూసుకుంటాను."

ఒక పక్కకు నవ్వి, "సరే, కానీ," అన్నారు.

మామూలుగా అయితే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు అలాగే చేస్తే పొగ అలారం మోగి, పక్కింటి ఐరిష్ తాత నిచ్చెన పట్టుకొచ్చాడు. అందుకని ఈసారి నిమ్మకాయతో సరిపెట్టాను. పసుపు రాసి, కోసి, కుంకుమ అద్ది, మూడుసార్లు తిప్పాను. మేడంగారు కళ్ళు మూసుకుని తూర్పు వైపు తిరిగి కూర్చున్నారు. ఆ వైపు తిరగమని నేను చెప్పలేదు.

దిష్టి తీసిన నిమ్మకాయ మూడు దార్లు కలిసే చోట పడేసి వెనక్కి చూడకుండా రావాలి. నా చేతులు దోసెల పిండిలో ఉన్నాయి. "నేనే పడేస్తాలే, పొద్దున్నే బస్సుకు వెళ్తాను కదా," అని ఆవిడ కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నారు.

మా ఊళ్ళో అయితే మూడు దార్లకు కొదవ లేదు. ఈ ఎస్టేట్ రోడ్లు ఎక్కడికక్కడ గుండ్రంగా ముగిసిపోతాయి. మూడు దార్లు కలిసేది ఒక్కచోటే, మూలింటి గేటు ముందు. ఆ సంగతి నాకు తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు. మేడంగారు పరీక్ష రాసినంత శ్రద్ధగా నేను చెప్పింది చెప్పినట్టే చేశారు. సాయంత్రం వచ్చి, "పడేశానమ్మా, ఆ మలుపు దగ్గర. వెనక్కి కూడా చూడలేదు," అన్నారు మార్కులు అడిగినట్టు.

ఆ పొద్దున్నే మూలింటి కోడలికి నొప్పులు వచ్చాయి. ఇంకా రెండు నెలలు ఉండగానే. అంబులెన్సు వచ్చేసరికి కారు టైరు పక్కన కుంకుమ పూసిన నిమ్మచెక్కలు పెద్దావిడ కంట పడ్డాయి. తలుపుకు కెమెరా ఉంది గానీ అది గుమ్మం దాకానే చూస్తుంది, గేటు దానికి ఆనదు. బిడ్డ పుట్టింది. అరచేతంత పిల్ల. అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను మూలింటికి రమ్మన్నారు. మేడంగారినీ పిలిచారు, పెద్దమనిషిగా. హాల్లో పదిహేను మంది ఉన్నారు. సోఫాలో అంకుల్, ఆయన పక్కన మేడంగారు. నాకు డైనింగ్ కుర్చీ మధ్యలో వేశారు. చిల్లుల గిన్నె ఒక్కటే తక్కువ.

"ఏమ్మా, ఇలాంటివన్నీ మనం ఇండియాలో వదిలేసి వచ్చాం కదా," అన్నారు అంకుల్, చాలా మర్యాదగా.

"లగేజీ ముప్పై కిలోలేనండీ. ఇది చిన్నది, పట్టింది."

ఎవరూ నవ్వలేదు. నా జోకుకు పదిహేను మంది నవ్వకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"నవ్వులాటగా ఉందా?" అంది పెద్దావిడ. "పసిగుడ్డు అక్కడ గొట్టాల మధ్య ఉంది. ఆ రోజు నువ్వు కడుపులోకే పోద్ది అనలా?"

"దీవెనండీ. దీవెన పోద్దన్నా."

"దీవెనో ఇంకోటో, నీ నోటికే తెలియాలి."

అప్పుడు నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిమ్మకాయ నాదే. దిష్టి తీసింది నేనే. మేడంగారికి తీశాను. మీ బిడ్డకూ దానికీ సంబంధం లేదు. "అది ఇక్కడికి ఎట్టా వచ్చిందో మేడంగారు చెప్తారు," అని ఆగాను. ఆ మాట ఆవిడ నోటి మీదుగా వస్తే ఆవిడకు గౌరవంగా ఉంటుందని ఆగాను. పొరపాటున నేను పడేశాను, తెలియక ఇక్కడ పడేశాను అని ఆవిడ అంటే అయిపోయేది. ఆవిడంటే వాళ్ళకు ఎంత గౌరవమో తెలుసు. అయ్యో అలాగా అని నవ్వుకుని టీ తాగేవాళ్ళు.

మేడంగారు కళ్ళజోడు తీశారు. ఎడమ అద్దం. కుడి అద్దం. మళ్ళీ ఎడమ అద్దం.

"నాకు అలాంటి నమ్మకాలు లేవండీ. మీకు తెలుసు కదా."

"తెలియకేం మేడం, మేమే కదా శాలువా కప్పింది," అన్నారు అంకుల్.

"తను సరదా మనిషి," అన్నారు మేడంగారు ఇంకా మెత్తగా. "నేను మంత్రగత్తెనని తన గురించి తనే అంటూ ఉంటుంది. మీరు సీరియస్‌గా తీసుకోకండి."

అంతే, అందరూ సీరియస్‌గా తీసుకున్నారు.

"మేడంగారూ," అన్నాను. "పడేసింది మీరు కాదా?"

ఆవిడ టీ కప్పులోకి చూశారు. అందులో సమాధానం ఏమన్నా తేలుతుందేమోనని నేను కూడా చూశాను.

"చాల్లే," అంది పెద్దావిడ. "చదువుకున్నావిడ మీదకు తోయకు."

తిరిగి వస్తుంటే ఆవిడ నాకు రెండడుగుల వెనక నడిచారు. ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి, "అర్థం చేసుకోమ్మా. నేను ఏం చదువుతున్నాను, ఏం చేశాను అని నలుగురూ నవ్వితే? మా గైడు దాకా వెళ్తే? ఇన్నేళ్ళ తర్వాత వచ్చాను," అన్నారు. కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధపు నీళ్ళు కావు. నేనూ కరిగేదాన్నే. ఆవిడ ఇంకొక్క మాట అనకుండా ఉంటే.

"నువ్వు తట్టుకోగలవు. నీకు ఆ నోరు ఉంది."

ఆ నోటితో ఆ రోజు అన్నది ఒక్కటే. దోసెల పిండి రుబ్బుకోవాల్సిన పని ఉందని చెప్పి వెనక్కి తిరిగాను.

తర్వాత ఒక్కొక్క ఇల్లూ వంట వద్దంది. ఎవరూ తిట్టలేదు. డైటింగ్ అన్నారు, అత్తగారు వచ్చారన్నారు, మళ్ళీ చెప్తామన్నారు. మా అమ్మాయిని పుట్టినరోజులకు పిలవడం మానేశారు. వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఉరి తీసేవాళ్ళు, ఇప్పుడు గ్రూపులోంచి తీస్తున్నారు. నాగరికత పెరిగిందని ఒప్పుకోవాలి. మేడంగారు పదో రోజున యూనివర్సిటీ దగ్గర గది చూసుకుని వెళ్ళిపోయారు. టాక్సీ ఎక్కుతూ, "నీ దగ్గర చాలా నేర్చుకున్నాను," అన్నారు. "నేనూనండీ," అన్నాను. ఏడాది తిరగకుండా మేమూ క్లోనీ వదిలి ఇక్కడికి వచ్చేశాం. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో వంటపని. బంగాళాదుంపలు ఉడకబెట్టడంలో దిష్టికి చోటు లేదు.

మూలింటి పాప బాగుందట. పరుగులు పెడుతోందట. ఆ కబురు విన్న రోజు నేను పాయసం చేసి వృద్ధాశ్రమంలో అందరికీ పెట్టాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడు గంటలకు లైబ్రరీలో వెనక కుర్చీల్లో కూర్చున్నాం. పాతిక మంది ఉంటారు, ఎక్కువ మంది ఐరిష్ అవ్వలు. మేడంగారు లేచి నిలబడ్డారు. కొప్పు తెల్లబడింది, పెన్సిల్ ఉంది. బాగా మాట్లాడారు. ఎప్పుడూ బాగానే మాట్లాడతారు. మజ్జిగ ముసలిది వచ్చింది, ఆవు వచ్చింది, మూడు లక్షణాలు వచ్చాయి. తర్వాత, ఇది పాతకాలపు సంగతి అనుకోకండి, ఈ దేశంలోనే, మా వాళ్ళ మధ్యే నేను చూశాను అని ఒక వంటావిడ కథ ఎత్తుకున్నారు. ఒక వితంతువు. గడుసు నోరు. హూవర్ జోకు చెప్పారు. హాలంతా ఘొల్లుమంది. నా జోకు ఇంగ్లీషులో అంత బాగుంటుందని నాకు తెలియదు.

మధ్యలో ఆవిడ చూపు నా మీద పడింది. మాట ఆగింది. కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇప్పుడు చెప్తారనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఒక గేటు దగ్గర నిమ్మకాయ కనపడింది," అన్నారు. "ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు."

నా పక్కనున్న అవ్వ, పాపం ఆ మనిషి అని కళ్ళు తుడుచుకుంది. నేను ఆమెకు బిస్కెట్లు అందించాను.

అయిపోయాక టీ దగ్గర మేడంగారే వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎంత బాగుంది నిన్ను చూస్తే. నీ పేరు ఎక్కడా రాయలేదమ్మా, పుస్తకంలో కూడా. చాలా జాగ్రత్త పడ్డాను."

"నా పేరు రాసినా పర్లేదండీ. రాయాల్సింది మీ పేరు."

ఆవిడ చేతులు వదిలేశారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "పరిశోధనకు అది ముఖ్యం కాదమ్మా. ఎవరు పెట్టారన్నది కాదు ప్రశ్న. ఎవరి మీద పెట్టారన్నది."

"నాకు మాత్రం అదొక్కటే ప్రశ్నండీ. మా అమ్మాయికి కూడా." అమ్మాయి పక్కనే ఉంది. ఫోన్ జేబులో పెట్టేసి వింటోంది. "మూలింటి పెద్దావిడ మళ్ళీ వచ్చిందట, మనవరాల్ని చూసుకోవడానికి. ఆ ఇంటి నంబరు మీ దగ్గర ఉంది. ఒక్క ముక్క చెప్పండి. పొరపాటున నేనే పడేశాను అనండి. దిష్టి తీయించుకున్నానని కూడా చెప్పొద్దు, జేబులోంచి జారిందని చెప్పండి. నేను ఒప్పుకుంటాను."

ఆవిడ సంచీలోంచి ఫోన్ తీశారు. తీసి, తెరిచి, వేలితో పైకి కిందకు జరిపారు. ఆ ఇంటి పేరు దగ్గర వేలు ఆగడం నేను చూశాను. నేను కప్పులో మిగిలిన టీ తాగేశాను.

"డాక్టర్, ఫోటో," అని లైబ్రరీ ఆవిడ పిలిచింది.

"ఒక్క నిమిషమమ్మా," అన్నారు మేడంగారు నాతో. ఫోన్ సంచీలో వేసుకుని వెళ్ళారు. ఫోటో తర్వాత సంతకాలు, సంతకాల తర్వాత ఎవరో కారులో స్టేషన్‌కు దింపుతామన్నారు. గుమ్మం దాటేటప్పుడు మా వైపు చెయ్యి ఊపారు. మేము బస్సు వచ్చే దాకా ఆ హాల్లోనే నిలబడ్డాం.

"మామ్," అంది అమ్మాయి. చాలా ఏళ్ళ తర్వాత తెలుగులో అడిగింది, ముక్కలు ముక్కలుగా. "ఆవిడ... పెట్టింది? నువ్వు కాదు?"

"నేను కాదు."

"ఓకే," అంది. నా చేతిలోని ఖాళీ కప్పు తీసుకుంది.

ఇది చదివినవాళ్ళలో కొందరు ఆవిడ ఎవరో పట్టేస్తారు. నన్ను అడగొద్దు. ఒక పేరు పది మంది మధ్యలోకి విసిరితే ఆ పది మందీ దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. ఆవిడ పేరు ఆవిడే చెప్పుకోవాలి. మూలింటివాళ్ళ నంబరు మారలేదు. కనుక్కున్నాను.